ఎనిమిది వేల నాలుగు వందల సెకన్లు

మధ్యాహ్నం రెండుంబావు. ఐదు గంటలకి ఆ పిల్లని కోర్టులో హాజరుపరచాలి. అంటే నా చేతిలో ఉన్నది రెండు గంటల నలభై ఐదు నిమిషాలు. అందులో పది నిమిషాలు పోలీస్ స్టేషన్ వరండాలో నిలబడడానికే సరిపోయాయి. పదిహేడేళ్ళు ఇదే శాఖలో కంప్యూటర్ నేరాలు చూశాను, కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు చెప్పాను. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్‌నని చీటీ రాసిచ్చి, పిలిచేదాకా గుమ్మంలో పడి ఉండాలి.

వరండా బెంచీ మీద ఆ పిల్ల తల్లీ, ఆ పిల్ల భర్తా కూర్చుని ఉన్నారు. తల్లి మా పై వాటాలో పదేళ్ళుగా ఉంటోంది, నన్ను అక్కా అని పిలుస్తుంది. పాపం ఆవిడ ఎవరి కోసం ఏడవాలో తెలియని స్థితిలో ఉంది. నిన్న హత్యకి గురైంది ఆవిడ అన్నయ్య. చంపిందని లోపల కూర్చోబెట్టింది ఆవిడ కూతుర్ని.

"అక్కా, అన్నయ్య ఎలాగూ పోయాడు. నా కూతుర్నైనా నాకు తెచ్చిపెట్టు" అంది, పొద్దున్న నా ఇంటికొచ్చి అన్న మాటే మళ్ళీ అంటూ.

అల్లుడు లేచి నాకు చోటిచ్చాడు. చేతిలో సంచీ, అందులో భార్య కోసం ఉతికి మడతపెట్టిన బట్టలు. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు వాచి ఉన్నాయి. "టీ తెప్పించనా పెద్దమ్మా?" అన్నాడు. ఈ కాలంలో ఇలాంటి అల్లుడు దొరకడం అదృష్టమే అనుకున్నాను.

లోపల చిన్న గది. ఆ పిల్లకి ముప్ఫై ఉంటాయి. లైబ్రరీ కౌంటర్‌లో పని చేస్తుంది, తీరిక వేళల్లో మామయ్య దగ్గర ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంది. నన్ను చూడగానే పెదవులు వణికాయి.

"ఏడుపు తర్వాత. ముందు టైములు చెప్పు. నిన్న మామయ్య ఇంటికి ఎన్నింటికి వెళ్ళావు?"

"పదకొండుకి పెద్దమ్మా. ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ."

"బయటికి ఎప్పుడొచ్చావు?"

"పదకొండూ ఇరవై. మెట్ల మీద టైము చూసుకున్నాను. పన్నెండుకల్లా కౌంటర్‌లో ఉండాలి కదా. ఐదున్నర దాకా అక్కడే ఉన్నాను."

"ఏడుస్తూ దిగావని కింద వాటాలో ఇంటాయన పోలీసులకి చెప్పాడట. ఎందుకు?"

"మామయ్య తిట్టారు. ఒక మార్పు తీసుకోమని అడగడానికి వెళ్ళాను. తీసుకోనన్నారు."

ఇక్కడ ఆ మామయ్య చేసే పనేమిటో చెప్పుకోవాలి. ఆసుపత్రిలో మంచం పక్కన స్టాండుకి బిగించి, నరంలోకి మందు ఎక్కించే పంపు ఉంటుంది. నిమిషానికి ఎంత మందు పోవాలో లెక్కచూసే సాఫ్ట్‌వేర్ ఆయనది. అది ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, దాని రాత మొత్తం ఎవరైనా చదువుకోవచ్చు, ఫలానా చోట మార్చండని రాసి పంపొచ్చు. పంపినదాన్ని లోపలికి రానివ్వాలా వద్దా అని తేల్చేది మాత్రం ఆయనొక్కడే. ఆ లోకంలో ఆయన్ని కాపరి అంటారు. పందొమ్మిదేళ్ళుగా పైసా పుచ్చుకోకుండా కాపలా కాశాడు.

"ఏమిటా మార్పు?"

"గొట్టంలో గాలి బుడగ వస్తే పంపు ఆగి అలారం మోగుతుంది. అది చీటికీ మాటికీ మోగుతోందని, కాస్త పెద్ద బుడగైతేనే మోగేలా సడలించమని."

"పంపిందెవరు?"

"తెలీదు. మారుపేరుతో వచ్చింది. నీలికొంగ అని." ఆ పిల్ల చూపు నా ముఖం మీంచి బల్ల మీదికి జారింది.

"తెలియనివాడి మార్పు కోసం నువ్వెందుకంత పట్టుబట్టావు?"

"సబబుగా అనిపించింది."

అబద్ధం. పసిపిల్లలకి కూడా ఇంతకంటే బాగా అబద్ధమాడడం వచ్చు. కానీ పీకి పాకం పట్టే టైము లేదు.

"నువ్వు వెళ్ళిరావడం ఎవరైనా చూశారా?"

"ఇంటాయన తప్ప ఎవరూ చూడలేదు."

"సరే. మామయ్య రాసినదాన్ని మిషన్ నడిపే ప్రోగ్రాంగా కట్టేటప్పుడు ఏమేం కొడతాడు? వరసగా చెప్పు."

ఆ మాట అడిగేసరికి పిల్ల ముఖంలో కాస్త ప్రాణం వచ్చింది. "ముందు మేక్ క్లీన్ అని కొడతారు. పాతగా కట్టి ఉన్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. తర్వాత ఒట్టి మేక్. మళ్ళీ మొదట్నుంచీ ఒక్కో ఫైలే కట్టుకుంటూ వస్తుంది. యాభై నిమిషాలు పడుతుంది. పాత మిషన్ కదా, రెండు మూడు ఒకేసారి కట్టమంటే బిగుసుకుపోతుంది. ఆ యాభై నిమిషాలూ చేతులు కట్టుకుని స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు. ఇంకో పని ముట్టరు."

"ఎప్పుడూ అంతేనా?"

"ఒక్కసారి నేను క్లీన్ కొట్టకుండా కడితే రెండు రోజులు మాట్లాడలేదు."

తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టర్. నా దగ్గర ఆర్నెల్లు ట్రైనింగ్ అయినవాడే. అప్పట్లో నోట్సు రాసుకోవడానికి పెన్ను కూడా నన్నే అడిగేవాడు.

"టైమయింది మేడమ్. రిటైరయ్యాక హాయిగా ఇంట్లో ఉండక మీకెందుకీ శ్రమ?"

"నీ కేసు ఏమిటో చెప్పు, నిజంగానే ఇంటికి పోతాను."

"రెండు ముక్కల్లో చెప్తాను." ఆ పిల్ల ముందే వేళ్ళు మడవడం మొదలెట్టాడు. "నిన్న పెద్దాయన కంప్యూటర్ మీద ఆఖరి కమాండ్ పదకొండూ పదికి కొట్టారు. పదకొండూ పద్నాలుగుకి కట్టడం పూర్తయింది. టైము స్క్రీన్ మీదే అచ్చయి ఉంది. అంటే అప్పటిదాకా ఆయన బతికున్నట్టే కదా? ఆ తర్వాత కీబోర్డు ఎవరూ ముట్టుకోలేదు. తల మీద స్పానర్ దెబ్బ. డాక్టరు చెప్పింది పదిన్నరకీ రెండింటికీ మధ్య అని. పద్నాలుగు నుంచి ఇరవై దాకా ఆ గదిలో ఉన్నది ఎవరు?"

"మిగతావాళ్ళు?"

"ఇంటాయనకి మెట్లెక్కే ఓపిక లేదు. సాయంత్రం ఆరుకి తలుపు తీసి ఉంటే ఎవర్నో పంపి చూపించాడు. తల్లి ఆ పూట దంతాల డాక్టరు దగ్గరుంది. భర్త పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఆఫీసు మీటింగులో ఉన్నాడు, పన్నెండు మంది సాక్షులు. ఇంకేం కావాలి?"

"నాకు ఆ గది కావాలి. అరగంట."

వద్దంటాడనుకున్నాను. నవ్వాడు. "పదండి. నేనూ వస్తాను. మీరు ఓడిపోవడం దగ్గరుండి చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక."

మూడూ ఐదుకి సీలు తీశాడు.

పది అడుగుల గది. ఒక కిటికీ, అదీ గోడకేసి. బల్ల మీద పాత కంప్యూటర్, పక్కనే మూత విప్పిన మందు పంపు. పంపుకి పెట్టిన సీసాలో ఉన్నది మందు కాదు, ఒట్టి నీళ్ళు. పరీక్ష కోసం. అది ఇంకా చుక్క చుక్కగా కింద గిన్నెలోకి దిగుతూనే ఉంది. ఆపాలని ఎవరికీ తోచలేదు. నేల మీద సుద్దముక్కతో గీసిన మనిషి ఆకారం కుర్చీకి అరగజం దూరంలో ఉంది. పందొమ్మిదేళ్ళ పని ఈ గదిలో జరిగిందా అనిపించి నాకు దిగులేసింది.

"వేలిముద్రలు?"

"స్పానర్ మీద లేవు. కీబోర్డు మీద పెద్దాయనవీ, ఆ అమ్మాయివీ."

"పాస్‌వర్డ్?"

కీబోర్డు ఎత్తి చూపించాడు. అడుగున అట్టముక్క మీద రాసి అంటించి ఉంది. ఈ గదికి వచ్చిపోయే వాళ్ళందరికీ తెలిసే ఉంటుంది.

స్క్రీన్ ముందు కూర్చున్నాను. నల్లటి తెర మీద కట్టడం తాలూకు వరసలు నిన్న ఎలా ఆగాయో అలాగే ఉన్నాయి. పైకి జరిపి మొదటి వరస చూశాను. మేక్, పక్కన జె, పక్కన ఎనిమిది.

"ఇది చూశావా?"

"మేక్ కొట్టాడు. అయితే?"

"క్లీన్ ఏదీ? పోనీ అది వదిలెయ్. జె ఎనిమిది అంటే ఎనిమిది ఫైళ్ళు ఒకేసారి కట్టమని. ఒక్కో ఫైలే కట్టుకునే మనిషి, మిషన్ బిగుసుకుపోతుందని రెండు కూడా ఒకేసారి పెట్టని మనిషి, ఎనిమిది ఎందుకు పెడతాడు?"

"తొందరలో ఉన్నాడేమో."

"తొందరపడే మనిషి కాదు."

"మేనకోడలే కొట్టిందనుకోండి. ఇంకా మంచిది నాకు."

వరసలు కిందికి జరుపుకుంటూ వచ్చాను. పసుపు రంగులో వార్నింగులు, పుంఖానుపుంఖాలు. నలభై దాటాక లెక్కపెట్టడం మానేశాను.

"వాటితో ఏం పని మేడమ్? ఎర్రవి చూడండి, పసుపువి వదిలెయ్యండి అని మీరే కదా నేర్పారు."

నిజమే, నేనే చెప్పాను. ఆ రోజు క్లాసు తొందరగా ముగించి ఇంటికి పోవాలని చెప్పిన మాట అది. అది ఇప్పుడు ఒక పిల్ల మెడకి చుట్టుకుంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, కానీ బయటపడలేదు.

అరవై ఏడో వార్నింగు దగ్గర చెయ్యి ఆగిపోయింది. మిగతావన్నీ రాతలోని లొసుగుల గురించి. ఇది వేరు. అలారం అనే ఫైలు మారిన సమయం, ఇప్పటి సమయం కంటే 8400 సెకన్లు భవిష్యత్తులో ఉంది అని రాసి ఉంది. అన్నింటికంటే కింద, ఆఖరి వరసలో ఇంకొకటి. గడియారంలో తేడా కనిపిస్తోంది, కట్టింది అసంపూర్ణం కావచ్చు.

"ఒక కాగితం ఇవ్వు" అన్నాను. నా గొంతు మారింది కాబోలు, మారుమాట్లాడకుండా ఇచ్చాడు.

"మేక్ అంటే ఏమిటో గుర్తుందా? ఏ ఫైలు మారిందో చూసి అది మాత్రం మళ్ళీ కట్టడం. మారిందని దానికెలా తెలుస్తుంది? లోపలి రాత చదవదు. టైము చూస్తుంది, అంతే. కిందటిసారి కట్టిన దానికంటే కొత్త టైముంటే కడుతుంది. ఇక్కడ దానికి ఇంకా రాని టైము వేసున్న ఫైలు కనిపించింది. బెదిరిపోయి చెప్పింది."

"ఇంకా రాని టైమేమిటి?"

"ఎనిమిది వేల నాలుగు వందల సెకన్లు. అరవైతో భాగించు. నూట నలభై నిమిషాలు. రెండు గంటల ఇరవై. పదకొండూ పదికి కలుపు."

అతను వేళ్ళ మీద లెక్క కట్టాడు. "ఒకటిన్నర."

"ఈ ఫైలు నిన్న ఒకటిన్నరకి మార్చారు. ఆ తర్వాత ఎవరో గడియారాన్ని పదకొండూ పదికి వెనక్కి తిప్పి, అప్పుడు మేక్ కొట్టారు."

"పాత మిషన్. గడియారమే పాడై ఉండొచ్చు."

"ఇప్పుడెంతయింది?"

తన చేతి గడియారం చూశాడు, స్క్రీన్ మూల చూశాడు. రెండింటిలోనూ ఒకటే, మూడూ ఇరవై ఆరు.

"నెట్ ఉన్నంతసేపూ ఈ గడియారం తనంతట తనే సర్దుకుంటుంది. వెనక్కి తిప్పి నిలబెట్టాలంటే నెట్ తీగ పీకాలి. పని అయ్యాక మళ్ళీ పెడితే చాలు."

ఇద్దరం కలిసి కంప్యూటర్‌ని గోడ నుంచి ముందుకి జరిపాం. వెనకాల అన్ని తీగల మీదా వేలు పెడితే మునిగేంత దుమ్ము. నెట్ తీగ కొస మీద మాత్రం లేదు. అక్కడ రెండు వేళ్ళ మేర శుభ్రంగా ఉంది. ఇన్‌స్పెక్టర్ వంగి దాన్ని చూశాడు. అతని ముఖంలో నవ్వు పోయింది.

అయినా ఒప్పుకోలేదు. "ఫైలు టైమునీ మార్చొచ్చు కదా మేడమ్? ఆ అమ్మాయికీ ఈ విద్య వచ్చు. తర్వాత తప్పించుకోవడానికి తనే ఇదంతా అల్లి ఉంటే? ఈ మిషన్ మీద ఉన్న ఏ టైమునీ నేను కోర్టులో నిలబెట్టలేను. మీరూ నిలబెట్టలేరు."

కోపం వచ్చింది కానీ అతను అన్నది సబబే. ఈ గదిలోవాళ్ళు ఎవరూ తిప్పలేని గడియారం ఒకటి కావాలి. మూడూ నలభై. స్టేషన్‌కి ఫోన్ చేయించి పిల్లని లైన్లోకి పిలిపించాను.

"మామయ్య ఫైలు మార్చి లోపల చేర్చాక అది ఎక్కడికైనా పోతుందా?"

"బయటి సర్వర్‌కి పోతుంది. మూడేళ్ళ కింద డిస్కు పోయి నెల రోజుల పని పోయింది పెద్దమ్మా. అప్పట్నుంచీ చేర్చగానే దానంతటదే పోయేలా పెట్టారు. స్క్రీన్ మీద ఏమీ చెప్పదు. నాకు తప్ప ఎవరికీ తెలీదు."

ఆ సర్వర్ ఎక్కడో సముద్రం అవతల ఉంది. ఎవరైనా చూడొచ్చు. నా ఫోన్లోనే తెరిచాను. పై వరసలోనే ఉంది. నిన్న, మధ్యాహ్నం ఒకటీ ముప్ఫై ఒకటికి చేరింది. కింద ఆయన రాసిన కారణం. అది పిల్లకి చదివి వినిపించాను.

"'అలారంలో నీలికొంగ పంపిన సడలింపు నిన్న పరీక్షకని తాత్కాలికంగా చేర్చాను. వెనక్కి తీసేస్తున్నాను. ఆరుసార్లు పరీక్షించాను, నాలుగుసార్లు బుడగ దాటిపోయింది. మిషన్ తప్పుని దాచడానికి అలారం నోరు నొక్కకూడదు. మోగాల్సినప్పుడు మోగకపోతే మంచం మీద మనిషి పోతాడు. మా మేనకోడలు దీని కోసం పాపం చాలా బతిమాలింది. పొద్దున్న దాన్ని తిట్టాను. సాయంత్రం వెళ్ళి మాట్లాడాలి.'"

"వింటున్నావా?"

"ఆ మార్పునే తీసేశారా పెద్దమ్మా? ఒకటిన్నరకా?"

"అవును. అంటే నువ్వు వచ్చేశాక రెండు గంటల పైన ఆయన బతికే ఉన్నాడు. నీకు అర్థమవుతోందా?"

"అవుతోంది" అంది. "నేను ఇంటికెళ్ళొచ్చా?" అని అడిగింది. గొంతులో తడి లేదు, ఏ భావమూ లేదు. మామయ్య ఆఖరి మాటలు విని కుమిలిపోతోందనుకున్నాను. ఇంకా నాలుగు ప్రశ్నలు అడగాల్సింది. జాలిపడి ఫోను పెట్టేశాను.

ఇన్‌స్పెక్టర్ తన ఫైలు తిరగేశాడు. లైబ్రరీ వాళ్ళిచ్చిన కాగితం అందులోనే ఉంది, పనికిరాదని అడుగున పడేశాడు. నిన్న పన్నెండు నుంచి ఐదున్నర దాకా బయటికి వెళ్ళిన ప్రతి పుస్తకానికీ ఆ పిల్ల సంతకం, పక్కన టైము. ఒకటీ పాతికకి ఒకటి, ఒకటీ నలభైకి రెండు, రెండింటికి ఇంకొకటి.

నాలుగూ పదికి స్టేషన్‌కి ఫోన్ చేశాడు. "ఆ అమ్మాయి చేత సంతకం పెట్టించుకుని ఇంటికి పంపెయ్యండి. కోర్టు వద్దు." ఫోను జేబులో పెట్టుకుని, "గెలిచారు" అన్నాడు. పాపం మనిషి బాగా చిన్నబోయాడు.

గెలిచానన్న సంతోషం నాకూ కలగలేదు. నీళ్ళ సీసా అప్పటికి ఖాళీ అయింది. పంపు ఆగి, సన్నగా అలారం మోగడం మొదలైంది. మీట నొక్కి ఆపాను.

"మరి ఎవరు మేడమ్?"

"ఒకటిన్నరకీ రెండింటికీ మధ్య వచ్చినవాడు. తలుపు తీసి కూర్చోమన్నంత తెలిసినవాడు. వేళ్ళు అలవాటుగా జె ఎనిమిది కొట్టేంత పెద్ద మిషన్ల మీద పని చేసేవాడు. ఒక్కటే నాకు అంతుపట్టడం లేదు. గడియారం తిప్పేవాడు పదకొండూ పదే ఎందుకు ఎంచుకున్నాడు? పదిన్నర పెట్టొచ్చు, పన్నెండు పెట్టొచ్చు. ఆ పిల్ల ఈ గదిలో ఉన్నది ఇరవై నిమిషాలు. సరిగ్గా ఆ ఇరవై నిమిషాల నడిమధ్యకి ముల్లు పెట్టాడు."

"ఆ అమ్మాయి వచ్చి వెళ్ళిన టైము వాడికి ముందే తెలుసు."

కిందికి దిగి ఇంటాయన్ని అడిగాం. డెబ్భై దాటిన మనిషి. "పోలీసులొచ్చేదాకా నేను ఎవరితోనూ నోరు విప్పలేదమ్మా. భోజనం చేసి ఒంటిగంటకి పడుకున్నాను, మూడింటికి లేచాను. ఎవరొచ్చారో ఎవరెళ్ళారో నాకేం తెలుసు?" అన్నాడు.

అప్పుడు నాకు నా ప్రశ్నే గుర్తొచ్చింది. ఎవరైనా చూశారా అని అడిగాను. ఎవరికైనా చెప్పావా అని అడగలేదు. పదిహేడేళ్ళ అనుభవం, ఎందుకూ పనికిరాకుండా పోయింది. నాలుగూ ముప్ఫై ఎనిమిదికి తల్లికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"అక్కా! నీ రుణం తీర్చుకోలేను" అని ఏడుపు అందుకుంది.

"అది తర్వాత. నిన్న నీ కూతురు మామయ్యతో గొడవపడి వచ్చిన సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"నిన్ననే తెలుసక్కా. దంతాల డాక్టరు దగ్గర కూర్చునుంటే పదకొండున్నరకి అల్లుడు ఫోన్ చేశాడు. అది మెట్లు దిగుతూనే ఏడుస్తూ ఫోన్ చేసిందట, మీటింగు మధ్యలోంచి లేచొచ్చి మాట్లాడానన్నాడు. మీటింగు అవగానే నేనే వెళ్ళి మామయ్యకి నచ్చజెప్తాను, మీరు కంగారుపడకండి అన్నాడు. బంగారంలాంటి..."

ఇన్‌స్పెక్టర్ తల పైకెత్తాడు. పన్నెండున్నరకి అయిపోయిన మీటింగు ఇద్దరికీ గుర్తుంది.

"మీ అల్లుడి కంపెనీ ఏం చేస్తుంది?" నేను అడిగింది ఆవిడని. జవాబు చెప్పింది ఇన్‌స్పెక్టర్, చాలా మెల్లగా.

"ఆసుపత్రి పంపులు."

"నీ కూతురేదీ? ఫోను దానికివ్వు."

"వెళ్ళిపోయారక్కా. అల్లుడే దగ్గరుండి సంతకం పెట్టించి నాలుగుంపావుకి కారులో తీసుకెళ్ళాడు. దాని మనసేం బాగోలేదు, ఎక్కడికైనా దూరంగా తీసుకెళ్ళి రెండు రోజుల్లో తీసుకొస్తానన్నాడు. అది కూడా ఏదోలా ఉంది. నన్ను పట్టుకుని, నీలికొంగ ఎవరో నాకు తెలుసమ్మా, పెద్దమ్మకి చెప్పేముందు ఆయన్నే ఒక్క మాట అడగాలి అంది. నీలికొంగ ఏమిటక్కా?"

ఆవిడకేం చెప్పానో నాకే తెలీదు. ఆ పిల్ల నంబరు వెతికి నొక్కాను. రింగయింది. రెండోసారి, మూడోసారి.

"ఎవరికి చేస్తున్నారు మేడమ్?"

"పిల్లకి. కారాపి దిగిపొమ్మని చెప్పాలి. ఏమీ అడగొద్దని చెప్పాలి."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు వైపు పరిగెడుతున్నవాడు ఆగిపోయాడు. వెనక్కి తిరిగాడు.

"ఆ ఫోను నా టేబుల్ సొరుగులో ఉంది మేడమ్. తిరిగి ఇమ్మని చెప్పడం మర్చిపోయాను."